కూలర్ ఫ్యాన్ తిరుగుతోంది, ప్రాసెసర్ మాత్రం కాలిపోతోంది. ఎవరికైనా ఇలా అయిందా?

ఖమ్మం_గుమ్మం:
అన్నలూ, కాస్త సాయం చేయండి. నా కంప్యూటర్‌లో ఇంటెల్ ఐ5-10400 ప్రాసెసర్, దాని డబ్బాలో వచ్చిన కూలరే, కొని మూడేళ్లు. మొన్న ఏప్రిల్‌లో హాస్టల్ ఖాళీ చేసి, సీపీయూని బస్సు డిక్కీలో వేసుకుని ఇంటికొచ్చా. అప్పట్నుంచి ఇదే గోల. ఆన్ చేసిన ఐదు నిమిషాలు బాగానే ఉంటుంది, ఆ తర్వాత బ్రౌజర్‌లో ట్యాబ్ మార్చాలన్నా నత్తనడకే. ఫ్యాన్ మిక్సీలా అరుస్తోంది. నిన్న గేమ్ పెట్టిన రెండు నిమిషాలకి టప్పుమని ఆగిపోయింది. విండోస్ మొదలవకముందు తెరిచే సెట్టింగుల తెర బయోస్‌లో ఊరికే ఉంచినా 90 డిగ్రీలు చూపిస్తోంది. ఇక్కడ ఒక షాపులో చూపిస్తే "బోర్డు పోయింది, ఏడు వేలవుతుంది" అన్నారు. నాన్నకి చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది. ఫ్యాన్ తిరుగుతోంది కదా, మరి ఈ వేడేంటి?

పాతసామాను:
తమ్ముడూ, ఆ ఏడు వేలు జేబులోనే ఉంచు. ఫ్యాన్ తిరగడం వేరు, వేడి ఆ ఫ్యాన్ దాకా చేరడం వేరు. నీ కూలర్‌కి నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ పిన్నులుంటాయి. వాటిలో ఒక్కటి ఊడినా చాలు, అడుగున ఉన్న లోహం ఒకవైపు ప్రాసెసర్‌కి అంటుకుని రెండోవైపు లేచిపోతుంది. కరెంటు తీసేసి, పక్క తలుపు విప్పి, కూలర్‌ని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా కదిపి చూడు. ఊగిందంటే జబ్బు దొరికినట్టే.

నిద్రలేనివాడు:
అప్పటిదాకా ఆన్ చేయకు బాబూ. గేమ్ అసలే వద్దు.

లెక్కల_మాస్టారు:
వేడి ఎందుకో చేతి లెక్క ఒకటి చెప్తాను. ఇస్త్రీ పెట్టె వెయ్యి వాట్లు. దాని అడుగు రెండొందల చదరపు సెంటీమీటర్లు అనుకుంటే ఒక్కో చదరపు సెంటీమీటరుకి 5 వాట్లు. మీ ప్రాసెసర్ 65 వాట్లే, కానీ ఆ వేడంతా పుట్టే సిలికాన్ ముక్క సుమారు రెండు చదరపు సెంటీమీటర్లే. అంటే సెంటీమీటరుకి 30 వాట్ల పైమాటే. ఇస్త్రీ పెట్టెకి ఆరింతలు! ఇక గాలి సంగతి. రాగితో పోలిస్తే వేడిని మోయడంలో గాలి పదివేల రెట్లకు పైగా నాసి. మధ్యలో కాగితమంత మందాన గాలి చేరినా పైనున్న ఫ్యాన్ ఎంత తిరిగితే ఏం లాభం? ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య థర్మల్ పేస్ట్ పూసేది ఆ గాలిని తరిమేయడానికే. చాలామంది దాన్ని చల్లబరిచే మందు అనుకుంటారు.

టేబుల్_ఫ్యాన్:
నా ఘనకార్యం చెప్తా, నవ్వొద్దు. సెకండ్ హ్యాండ్‌లో ప్రాసెసర్ కొని, డిస్‌ప్లే వస్తుందో లేదో చూద్దామని కూలర్ పెట్టకుండానే ఆన్ చేశా. పది సెకన్లే కదా అనుకున్నా. తెర మీద బొమ్మ కనబడిందన్న ఆనందంలో ప్రాసెసర్ మీద వేలు పెట్టా. బొబ్బ తగ్గడానికి వారం పట్టింది. ప్రాసెసర్‌కి ఏమీ కాలేదు, ఇప్పటికీ అక్కావాళ్లింట్లో నడుస్తోంది.

సీటీసీ_రోజులు:
మీరు మంచి కాలంలో పుట్టారు. మేం పని నేర్చుకునే రోజుల్లో 33 మెగాహెర్ట్జ్ 486 ప్రాసెసర్లు హీట్ సింక్ (వేడి లాగే లోహపు దిమ్మ) కూడా లేకుండా నడిచేవి. పదేళ్లు తిరిగేసరికి కథ మారిపోయింది. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే వెబ్‌సైట్ వాళ్లు నడుస్తున్న కంప్యూటర్ల మీంచి కూలర్లు పీకేసి వీడియో తీశారు. ఇంటెల్ పెంటియం 4 నెమ్మదించి బతికింది. పెంటియం 3 కదలకుండా బిగుసుకుపోయినా బతికింది. ఏఎండీ వాళ్ల అథ్లాన్లు పొగ వదిలాయి.

నాకు ఆ పాఠం వీడియో చూడకముందే వచ్చింది. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో మెషీన్లు బిగించేవాణ్ణి. అప్పటి కూలర్ క్లిప్పు, ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌కి ఉన్న చిన్న ప్లాస్టిక్ కొక్కేనికి తగులుకునేది. నేను స్క్రూడ్రైవర్‌తో నొక్కితే ఆ కొక్కెం విరిగింది. చూసుకోలేదు. ఆన్ చేసి టీ గ్లాసు అందుకునేలోపే కమురు వాసన. కస్టమర్ పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ నెల జీతంలో సగం దానికే పోయింది.

టేబుల్_ఫ్యాన్:
మరి ఇప్పటివి ఎందుకు కాలవు సార్?

సీటీసీ_రోజులు:
ఇప్పటి ప్రాసెసర్ తన వేడి తనే లోపల్నుంచి కొలుచుకుంటుంది కాబట్టి. 10400కి 100 డిగ్రీలు హద్దు. అక్కడికి చేరగానే వేగం దించుకుంటుంది. మామూలుగా 4.3 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లేది, అవసరమైతే 800 మెగాహెర్ట్జ్‌కి కూడా దిగుతుంది. అప్పటికీ చల్లబడకపోతే బోర్డుకి సిగ్నల్ పంపి కరెంటు ఆపించేస్తుంది. ఆ కుర్రాడికి నిన్న ఆగిపోయింది అలాగే అయ్యుంటుంది. దీంతో వచ్చిన చిక్కల్లా ఏంటంటే, మనం తప్పు చేస్తే ఇప్పుడు పొగ రాదు, మెషీన్ మందగిస్తుందంతే. మనం విండోస్‌ని తిట్టుకుంటూ నెలలు గడిపేస్తాం.

రామగుండం_ఎండ:
ఎండాకాలం సంగతి మర్చిపోకండి. గదిలో వేడి ఎంత పెరిగితే ప్రాసెసర్ మీద కూడా దాదాపు అంతే పెరుగుతుంది. జనవరిలో నాకు 72 దాటనిది మేలో 88. దుమ్ము పడుతుందని మా ఆవిడ సీపీయూని టేబుల్ కింది అరలో పెట్టి తలుపు వేసేది. తలుపు తీసి ఉంచితే 8 డిగ్రీలు తగ్గింది. ఎయిర్ కూలర్‌కి ఎదురుగా మాత్రం పెట్టకండి, తేమతో ఇంకో గొడవ.

నిద్రలేనివాడు:
నాకైతే ఈ కంగారు కాస్త ఎక్కువనిపిస్తోంది. ఏఎండీ వాళ్ల రైజెన్ 7000 ప్రాసెసర్లని 95 డిగ్రీల దగ్గర నడిచేలాగే చేశారు.

పాతసామాను:
అది కూలర్ సరిగ్గా కూర్చుని, ప్రాసెసర్ పూర్తి స్థాయిలో పనిచేస్తున్నప్పటి మాట. ఇతనిది ఏ పనీ లేకుండా 90! పైగా ప్రాసెసర్ తట్టుకున్నా, పక్కనున్న కెపాసిటర్ల ఆయుష్షు వేడికి తగ్గుతుంది.

నిద్రలేనివాడు:
సరే, ఖాళీగా 90 తప్పే, ఒప్పుకుంటున్నా. గేమ్‌లో 80 చూసి హడలిపోయేవాళ్ల కోసం చెప్పా.

ఖమ్మం_గుమ్మం:
అన్నా, ఊగుతోంది! కింద కుడివైపు పిన్ను పైకి లేచి ఉంది. కూలర్ మొత్తం తీసేశా. పేస్ట్ ఒక మూల మాత్రమే నలిగింది, మిగతాదంతా గోడ సున్నంలా ఎండిపోయి పెచ్చులుగా రాలుతోంది. ఇంట్లో పేస్ట్ లేదు. తమ్ముడు టూత్‌పేస్ట్ పూయమంటున్నాడు, పనికొస్తుందా?

పాతసామాను:
మీ తమ్ముణ్ణి పళ్లు తోముకోమను. తడి ఉన్నన్నాళ్లు పనిచేస్తుంది, ఆరాక సుద్దే. అసలు పేస్టే తెచ్చుకో, చిన్న ట్యూబ్ చాలు. పాతదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు వైపులా తుడువు. మధ్యలో బఠాణీ గింజంత పెట్టు, వేలితో పులమకు. పిన్ను తలల మీద బాణం గుర్తుంటుంది, అది విప్పే దిక్కు. బిగించేముందు నాలుగింటినీ దానికి ఎదురుగా తిప్పి ఉంచు. ఎదురెదురు మూలలు జతగా నొక్కు, ఒక్కోదానికి టక్‌మని వినబడాలి. శబ్దాన్ని నమ్మి వదిలేయకు, బోర్డు వెనక్కి తిప్పి చూడు. తెల్ల ప్లాస్టిక్ చీలికల మధ్య నల్ల ముల్లు పూర్తిగా దిగి కనబడాలి. ఇదొక్కటి చూసుంటే ఇలాంటి చర్చలు సగం ఉండేవి కావు.

టేబుల్_ఫ్యాన్:
ఏఎం4 సాకెట్ రైజెన్ ప్రాసెసర్ వాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. కూలర్‌ని నేరుగా పైకి లాగకండి. పాత పేస్ట్ పట్టేసి ప్రాసెసర్ కూడా సాకెట్‌లోంచి ఊడొస్తుంది, దాని అడుగున ఉన్న సన్నటి కాళ్లు వంగుతాయి. పది నిమిషాలు నడిపి, ఆపేసి, గోరువెచ్చగా ఉండగానే అటూ ఇటూ తిప్పి తీయండి.

ఖమ్మం_గుమ్మం:
అయిపోయింది! ఖాళీగా 41, గంటసేపు గేమ్ ఆడినా 69 దాటలేదు. ఫ్యాన్ ఉందా లేదా అన్నట్టుంది. అందరికీ థ్యాంక్స్.

కానీ ఇంకో సంగతి బయటపడింది. విండోస్‌లో హెచ్చరికల చిట్టా ఉండే ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూశా. ప్రాసెసర్ వేగాన్ని ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) తగ్గిస్తోందని 37 నంబరు హెచ్చరికలు కుప్పలుగా ఉన్నాయి. మొదటిది జనవరి 20న. నేను బస్సెక్కింది ఏప్రిల్‌లో. అప్పుడు గుర్తొచ్చింది, సంక్రాంతికి వెళ్లొచ్చాక హాస్టల్‌లో బ్రష్ పట్టుకుని దుమ్ము దులిపా. ఎందుకో ఒక పిన్ను తిప్పి కూడా చూశా. బస్సు కుదుపులు దాన్ని పూర్తి చేశాయంతే. మూడు నెలలు హాస్టల్ వైఫైని తిట్టుకుంటూ కూర్చున్నా.

పాతసామాను:
అయితే నాన్నకి ఏం చెప్పావ్?

ఖమ్మం_గుమ్మం:
బస్సులో ఊడిందనే చెప్పా అన్నా.