1942లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మన కోసం బ్రిటన్ ప్రధాని చర్చిల్ మీద ఒత్తిడి తెచ్చాడా?

గోదారిగట్టు: యుద్ధానికి మన నాయకుల మద్దతు కోసం 1942లో బ్రిటన్ మంత్రి క్రిప్స్ ఢిల్లీ వచ్చి చేసిన రాయబారం గురించి చాలా రాశారు గానీ, దాని వెనక అమెరికా పాత్రని ఎవరూ పట్టించుకోరు. ఇండియాలో తాత్కాలిక ప్రభుత్వం పెట్టమని 1942 మార్చిలో రూజ్‌వెల్ట్ స్వయంగా చర్చిల్‌కి రాశాడు. ఏప్రిల్‌లో తన దూతగా లూయిస్ జాన్సన్‌ని ఢిల్లీ పంపాడు. మిత్రదేశాల్లో మన కోసం అడిగింది ఆయనొక్కడే.

పాతసంచిక: "ఆయనొక్కడే" తప్పు. ఫిబ్రవరిలోనే చైనా నాయకుడు చాంగ్ కై షేక్ వచ్చి, కలకత్తాలో గాంధీని కలిసి, భారతీయులకు అధికారం ఇవ్వమని బ్రిటన్‌ని బహిరంగంగా కోరాడు.

గోదారిగట్టు: చైనా మాట చర్చిల్ లెక్కచేస్తాడా? ఆయుధాలిచ్చేది అమెరికా.

పాతసంచిక: లెక్కచేశాడా అని కాదు, అడిగాడా లేదా? పోస్టు సరిచేయండి.

వైజాగ్‌వాసి: ఏప్రిల్ 6న జపాన్ వాళ్లు విశాఖ, కాకినాడల మీద బాంబులేశారు. అదే వారం ఢిల్లీలో రక్షణ శాఖ ఎవరికని క్రిప్స్‌కీ కాంగ్రెస్‌కీ మధ్య బేరాలు!

ఉప్పుటేరు: ఏం ఒత్తిడండీ? రక్షణ శాఖ మీద జాన్సన్ రాజీకి దారి వెతికితే, ఆ విషయంలో అతను అధ్యక్షుడి తరఫున మాట్లాడటం లేదని రూజ్‌వెల్ట్ ఆంతరంగికుడు హాప్కిన్స్ చర్చిల్‌కి చెప్పేశాడు. క్రిప్స్‌ని ఇంకొన్నాళ్లు ఆపమని రూజ్‌వెల్ట్ తంతి కొడితే, చర్చిల్ రాజీనామా మాట ఎత్తాడు. అంతే, గప్‌చుప్. ఆగస్టులో కాంగ్రెస్ నాయకుల్ని మూకుమ్మడిగా జైల్లో వేసినప్పుడు ఆ నోరు ఏమైంది? మా తాత అప్పుడే జైలుకెళ్లాడు. పింఛనడిగితే జైలు సర్టిఫికెట్ లేదని ఒక ఆఫీసులో పోయేదాకా తిప్పారు. ఇప్పుడు మీరొచ్చి ఘనతంతా వైట్‌హౌస్‌కి రాసిస్తారా?

గోదారిగట్టు: పింఛనుకీ రూజ్‌వెల్ట్‌కీ ఏం సంబంధం? ఘనత అన్న మాట నేను అననేలేదు.

ఉప్పుటేరు: "మన కోసం" అన్నారుగా. జపాన్‌ని ఆపాలి, చైనాకి సరుకు చేరాలి, అందుకు ఇండియా నెమ్మదిగా ఉండాలి. అదీ వాళ్ల లెక్క. జైళ్లు నింపిన వాళ్లని వదిలేసి తంతులు కొట్టినవాణ్ణి తలుచుకోవడమే నాకు మండేది.

చలివేంద్రం: ఇద్దరూ కాస్త మంచినీళ్లు తాగండి.

గోదారిగట్టు: స్వార్థం లేకుండా ఏ దేశం కదులుతుందండీ? 1943లో అమెరికా దూత ఫిలిప్స్ జైల్లో ఉన్న గాంధీని చూస్తానంటే వైస్రాయ్ లిన్‌లిత్‌గో ఒప్పుకోలేదు. అయినా ఫిలిప్స్ బ్రిటిష్ విధానాన్ని తప్పుపడుతూ రూజ్‌వెల్ట్‌కి రాశాడు. 1944లో అది పేపర్లో పడితే లండన్ మండిపడింది.

ఉప్పుటేరు: పేపర్లో పడింది లీకై. రూజ్‌వెల్ట్ దాన్ని ఏడాదికి పైగా దగ్గరే పెట్టుకుని బయటికి ఒక్క మాట అనలేదు.