ప్రోవోలో చదివినవాళ్లు చెప్పండి: మత కోర్సుల్లో మార్కులు ఎలా వేస్తారు?

మా చెల్లికి అమెరికాలోని యూటా రాష్ట్రం, ప్రోవో నగరంలో ఉన్న బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో డిగ్రీ సీటొచ్చింది. మోర్మన్ చర్చి నడిపేది కాబట్టి, మేజర్ ఏదైనా సాధారణంగా 14 క్రెడిట్ల మత కోర్సులు తప్పనిసరి. ఆ గ్రేడ్లు జీపీఏలో కలుస్తాయి.

మాది హిందూ కుటుంబం. ఇంకో మతం గురించి చదవడం తనకి ఇష్టమే. టెన్షనల్లా పరీక్షల గురించే. 1830లో అచ్చయిన మోర్మన్ గ్రంథాన్ని చర్చి స్థాపకుడు జోసెఫ్ స్మిత్ బంగారు రేకుల నుంచి అనువదించారని చర్చి నమ్మకం. వ్యాసంలో "చర్చి ఇలా నమ్ముతుంది, బయటి చరిత్రకారులు ఒప్పుకోరు" అని రాస్తే మార్కులు తగ్గిస్తారా? తనూ నమ్మినట్టే రాయాలా? అలా నటించడం ఆ మతాన్ని మనసారా నమ్మేవాళ్లకి కూడా గౌరవం కాదని నా అభిప్రాయం.

చర్చి సభ్యులు కాకుండా అక్కడ చదివినవాళ్లుంటే దయచేసి చెప్పండి. ప్రొఫెసర్‌తో ముందే మాట్లాడటం మంచిదేనా?