సుంకాల చర్చలకు నోట్ రాస్తున్నాం: ‘వాళ్లెంతో మనమూ అంతే’ అని అడగొచ్చా?

అంబత్తూరు యూనిట్ (చెన్నై):
అందరికీ నమస్కారం. అంబత్తూరు, తిరుముడివాక్కం వైపు వాహన విడిభాగాలు చేసే చిన్న యూనిట్ల తరఫున కేంద్ర వాణిజ్య శాఖకు ఒక నోట్ తయారవుతోంది. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాల చర్చల్లో 8708 (వాహన విడిభాగాల కస్టమ్స్ కోడ్) కింద వచ్చే సరుకుకు ఏం అడగాలి, ఏం వదులుకోవచ్చు అన్నదే విషయం. ముసాయిదా మొత్తం ఒక్క వాక్యం మీద నిలబడింది: "అవతలి దేశం మన సరుకుపై ఎంత సుంకం వేస్తే, వాళ్ల సరుకుపై మనమూ అంతే వేయాలి." ఇది చర్చల్లో నిలుస్తుందా? ఏ అంకెలు ఇస్తే అధికారులకు పనికొస్తుంది? సుంకం తగ్గాక కూడా లాభం చేతికందకుండా పోయేది ఎక్కడ?

టారిఫ్ పట్టిక:
ఆ వాక్యం తీసేయండి, దానితో నష్టపోయేది మీరే. 8708పై మన బీసీడీ (మూల కస్టమ్స్ సుంకం) 15%. ఐరోపా సంఘంలో అది 3 నుంచి 4.5%, కొరియాలో 8%, జపాన్‌లో సున్నా. జపాన్ ముందు మీ వాక్యం పెడితే మన 15% మొత్తం వదులుకున్నట్టే, బదులుగా వాళ్లు తగ్గించడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. అలాంటి దేశంతో పరీక్షల ధ్రువపత్రాల గుర్తింపు లాంటివి అడగాలి, లేదా వాళ్ల సుంకం ఇంకా ఎక్కువగా ఉన్న వేరే సరుకులో అడగాలి.

ఇచ్చిపుచ్చుకోవడం అంటే ఒకే సరుకుపై ఒకే రేటు కాదు. మొత్తం మీద తూకం సరిపోవాలి. అమెరికా 1934లో చేసిన చట్టం అధ్యక్షుడికి సుంకాలను 50% వరకు తగ్గించే అధికారం ఇచ్చింది. ఆ బేరాల్లో ఏ సరుకును ఏ దేశం ప్రధానంగా సరఫరా చేస్తుందో ఆ దేశంతోనే ఆ సరుకు గురించి మాట్లాడేవారు.

కాబట్టి మీ నోట్‌లో ప్రతి ఆరంకెల హెచ్‌ఎస్ కోడ్‌కూ (సరుకులను గుర్తించే అంతర్జాతీయ కస్టమ్స్ సంఖ్య) మూడేళ్ల సగటు వాణిజ్యం, ప్రస్తుత రేటు, రెండింటి గుణకారం ఉండాలి. 20 కోట్ల ఎగుమతిపై 4.5% పోతే మనకు మిగిలేది 90 లక్షలు. 6 కోట్ల దిగుమతిపై మన 15% పోతే వాళ్లకు మిగిలేదీ 90 లక్షలే. రేట్లు ఎంత వేరైనా బరువు ఒకటే, అధికారి బల్ల మీద పెట్టేది ఈ లెక్కే.

అంకెలు వాణిజ్య శాఖ ఎగుమతి దిగుమతి డేటా బ్యాంకులో ఎనిమిదంకెల దాకా దొరుకుతాయి. వాటిని అవతలి దేశం దిగుమతి లెక్కతో సరిచూడండి. మన ఎగుమతి ఎఫ్‌ఓబీలో (ఓడ ఎక్కించే వరకు అయిన ధర), వాళ్ల దిగుమతి సాధారణంగా సీఐఎఫ్‌లో (రవాణా, బీమా కలిపిన ధర) ఉంటుంది కాబట్టి రవాణా, బీమా తేడా తప్పదు. అంతకు మించి తేడా వస్తే, కొలంబో లేదా సింగపూర్ మీదుగా వెళ్లిన సరుకు ఆ మధ్య దేశం పేరు మీద నమోదైందేమో చూడండి.

బేస్ రేటు:
పైన చెప్పింది సరైనదే. దానికి తోడు, ఏ రేటు నుంచి తగ్గింపు మొదలవుతుందో తేదీతో సహా రాయించండి. డబ్ల్యూటీవోలో మనం కట్టుబడిన గరిష్ఠ రేటు వేరు, రోజూ వసూలు చేసే రేటు వేరు. గరిష్ఠం నుంచి తగ్గిస్తామని ఎవరైనా అంటే కాగితం మీద కోత కనిపిస్తుంది గానీ పోర్టులో పైసా తగ్గకపోవచ్చు.

తగ్గింపు రూపం కూడా చూడండి. 15%ను ఐదు సమాన విడతల్లో తీసేస్తే 12, 9, 6, 3, 0 అవుతుంది. దీనికి బదులు "25% రాయితీ" అంటే 11.25%. సాధారణ రేటు తర్వాత 10%కి దిగితే ఆ రాయితీ దానితోపాటే దిగి 7.5% అవుతుంది. ఒప్పందంలో 11.25 అని అంకె వేసి వదిలేస్తే మాత్రం రాయితీ రేటు సాధారణ రేటు కంటే ఎక్కువై కూర్చుంటుంది. "రెండింటిలో ఏది తక్కువైతే అది" అన్న వాక్యం ఉండి తీరాలి.

మన వైపు రక్షణకు గట్టి వాదన ముడిసరుకే. అల్యూమినియం ఇంగాట్‌పై 7.5% కట్టి మీరు చేసే భాగం అవతలి దేశం నుంచి సున్నాకు వస్తే మీ పని అయిపోయినట్టే. అలాంటి కోడ్‌లను విడిగా పట్టిక వేసి, ముడిసరుకు వాటా ఎంతో రాసి, ఎక్కువ ఏళ్ల విడతలో పెట్టమని అడగండి. మొత్తం 8708ను మినహాయించమంటే ఎవరూ వినరు. గాట్ (డబ్ల్యూటీవో సరుకుల వాణిజ్య ఒప్పందం) 24వ అధికరణం ప్రకారం ఇద్దరి మధ్య వాణిజ్యంలో దాదాపు అంతా ఒప్పందం కిందికి రావాలి, గడువు అసాధారణ సందర్భాల్లోనే పదేళ్లు దాటాలి. అలా కాకుండా రెండు మూడు సరుకులకే పరిమితం చేస్తే, సాధారణంగా మొదటి అధికరణం అదే రేటును మిగతా సభ్య దేశాలకూ ఇమ్మంటుంది.

రాజాజీ సాలై:
లాభం చేతికందకుండా పోయేది మూల దేశ నిబంధన (సరుకు ఏ దేశంలో తయారైనట్టు లెక్కో తేల్చే నియమం) దగ్గర. ఆసియాన్ ఒప్పందంలో సాధారణ నిబంధన రెండు షరతులది: 35% స్థానిక విలువ ఉండాలి, పైగా బయటి ముడిసరుకు నుంచి తయారైన సరుకుకు ఆరంకెల ఉపశీర్షిక (కోడ్) మారాలి. 8708.30 చూడండి. అందులో బ్రేకులూ ఉన్నాయి, బ్రేకుల భాగాలూ ఉన్నాయి. బయటి నుంచి బ్రేకు భాగాలు తెచ్చి ఇక్కడ బ్రేకు బిగిస్తే కోడ్ మారదు. 60% విలువ ఇక్కడే కలిపినా ఆ సరుకు నెగ్గదు. గేర్‌బాక్సులకు 8708.40లో ఇదే ఇబ్బంది. అందుకే "రెండూ" కాదు, "రెండిటిలో ఏదో ఒకటి" అని అడగండి.

విలువ శాతానికి కొంత జాగా ఉంచుకోండి. ఎఫ్‌ఓబీ 1,000 రూపాయలు, విదేశీ ముడిసరుకు 620 అయితే స్థానిక విలువ 38%. రూపాయి బలహీనపడి ఆ 620 కాస్తా 670 అయితే 33%, ధ్రువపత్రం రాదు. అమ్మకం ధర ఏడాదికి కుదుర్చుకున్నది కాబట్టి పెంచడానికీ వీలుండదు.

ఒక్క సంగతి మరవొద్దు. నిబంధన ఇద్దరికీ ఒకటే. మీరు 25%కి దింపించుకుంటే అవతలి నుంచి మూడో దేశపు సరుకు రంగు మార్చుకుని అదే తలుపులోంచి వస్తుంది. 2020 సెప్టెంబర్ 21 నుంచి కారోటార్ నిబంధనలు (ఒప్పందాల కింద మూల దేశాన్ని నిర్ధారించే మన కస్టమ్స్ నియమాలు) దిగుమతిదారు దగ్గర మూల దేశ వివరాలు ఉండాలంటున్నాయి, ఐదేళ్లు దాచాలంటున్నాయి. అయినా నిబంధనే వదులుగా ఉంటే కస్టమ్స్ ఏమీ చేయలేదు.

అంబత్తూరు యూనిట్:
చాలా ధన్యవాదాలండీ. మరి 2025 ఏప్రిల్‌లో అమెరికా ప్రకటించిన పరస్పర సుంకం మాటేమిటి? మా వాక్యం అక్కడి నుంచే వచ్చింది.

టారిఫ్ పట్టిక:
దాన్ని నమూనాగా తీసుకోకండి. అక్కడ మన సుంకాన్ని, వాళ్ల సుంకాన్ని పక్కపక్కన పెట్టి చూడలేదు. వస్తు వాణిజ్య లోటును మన నుంచి దిగుమతులతో భాగించి, వచ్చినదాన్ని సగం చేశారు. 2024లో లోటు దాదాపు 45.7 బిలియన్ డాలర్లు, దిగుమతి 87.4 బిలియన్. అది 52%, సగం 26%. ఏ కోడ్‌పై మనం ఎంత వేస్తున్నామన్నది ఆ లెక్కలోకి రాలేదు కాబట్టి, ఒక కోడ్‌పై రేటు తగ్గించినంత మాత్రాన ఆ సూత్రంలో అంకె కదలదు. మీ నోట్ కోడ్ వారీగానే ఉండనివ్వండి. హెచ్‌ఎస్ 2022 కోడ్‌లే వాడండి, పాత ఒప్పందాల్లో 2007 కోడ్‌లు కనిపిస్తే పక్క నిలువు వరుసలో సరిపోలిక వేయండి.