బేనిషాన్ అని కొంటే పీచు మామిడి కాసింది. కొట్టేయాలా, ఉంచాలా?

పెరటిచెట్టు: బోడుప్పల్‌లో మా ఇంటి వెనక ఎనిమిదేళ్ల చెట్టు. నర్సరీవాళ్లు బేనిషాన్ అంటు అనే ఇచ్చారు. ఈ ఎండాకాలమే తొలి కాపు, పద్నాలుగు కాయలు. పిడికిలంత సైజు, పళ్లలో ఇరుక్కునే పీచు, టెంక దగ్గర పులుపు. వాసన మాత్రం వీధి చివరిదాకా! మా ఆయన గొడ్డలి తెమ్మంటున్నారు.

టెంకజీడి: నర్సరీవాణ్ని తిట్టే ముందు చెట్టు మొదలు చూడండక్కా. అతుకు దగ్గర ఎండిన మోడు ఉంటే, పైన కట్టిన బేనిషాన్ కొమ్మ ఎప్పుడో చచ్చిపోయి కింది నాటు మొక్క చిగురే చెట్టయింది. ఆ నాటు మొక్క టెంకలోంచి మొలిచిందే. మన రకాల టెంకలో ఉండేది ఒకటే పిండం, అందులో తండ్రి వాటా కూడా ఉంటుంది. తల్లి పోలిక వస్తుందన్న గ్యారంటీ లేదు. కొట్టేయండి.

జామచెట్టు: ఏం మాట అన్నా అది? ఇవాళ మనం అంటు కట్టుకునే పాత రకాలు చాలావరకు ఎక్కడో టెంకలోంచి మొలిచినవే. ఎవరో ఒకరు తిని, బాగుందని, కొమ్మ కోసి అంటు కట్టారు. అప్పట్లో అందరూ గొడ్డలి పట్టుంటే?

టెంకజీడి: అలా మొలిచినవాటిలో ఎన్ని పొయ్యిలో కాలాయో లెక్కుందా? ఒక్క చెట్టు పెంచడం లాటరీ, ఎంపిక కాదు. సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రంవాళ్లు రుమానీ, నీలం రకాలు కలిపి మంజీర మామిడి తెచ్చారు. ఢిల్లీలోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో వచ్చిన ఆమ్రపాలికి తల్లి దశేరీ, తండ్రి నీలం. అదే జంటను తిరగేస్తే మల్లిక. ఆమ్రపాలేమో పొట్టి చెట్టు, చిన్న కాయ, ఏటా కాపు. మల్లికకు పెద్ద కాయ. అమ్మానాన్నా ఒకరే అయినా ఇంత తేడా! అందుకే వాళ్లు బోలెడు పిల్ల మొక్కలు పెంచి, ఏళ్ల తరబడి రుచి చూసి, ఏరుకుంటారు. మీకు అంత స్థలముందా?

జామచెట్టు: స్థలం లేదు, ఓపికుంది. ఒక్క కాపుకే తీర్పు చెప్పేస్తే ఎలా? పులుపు తగ్గొచ్చు.

టెంకజీడి: తగ్గొచ్చు. పీచు పోదు.

పెరటిచెట్టు: చూశాను. నేలకు జానెడు ఎత్తులో బొటనవేలంత నల్లటి మోడు ఉంది, కింద నుంచే ఇప్పటి చెట్టు. తొలకరి పడ్డాక ఒక కొమ్మ మీద బేనిషాన్ అంటు కట్టిస్తా. మిగతాది పచ్చడికి. ఆయనకింకా చెప్పలేదు.