లింబర్గ్ ఫ్లాప్ కింది కొన మళ్లీ తెరుచుకుంది: కరిడాకిసా, క్లెఫ్ట్ లిఫ్టా?

వైజాగ్‌లో జనరల్ సర్జన్లం. పేషెంట్ 26 ఏళ్ల లారీ డ్రైవర్, ఒత్తైన వెంట్రుకలు, పిరుదుల మధ్య గాడి బాగా లోతు. పైలోనైడల్ సైనస్‌కి (ఆ గాడిలో వెంట్రుకలు చర్మంలోకి దిగి చీము పట్టే గుంత) ఆరు నెలల కిందట లింబర్గ్ ఫ్లాప్ (డైమండ్ ఆకారంలో కోసిన చోటును పక్క నుంచి తిప్పిన చర్మం, కొవ్వుతో కప్పడం) వేశాం: 60, 120 డిగ్రీల కోణాలు, సేక్రల్ ఫేషియా (నడుము కింది ఎముక మీది పొర) దాకా ఎక్సిషన్, సక్షన్ డ్రెయిన్. ఫ్లాప్ నిక్షేపంగా ఉంది. గొడవంతా కింది కొన దగ్గరే. అది మధ్యగీత మీద, మలద్వారానికి సుమారు 4 సెం.మీ. పైన పడింది. మూడో వారంలో అక్కడి చర్మం నానిన వేలికొనలా తెల్లబడి, 1 సెం.మీ. విడిపోయింది. ఇక్కడి ఉక్కపోత సంగతి తెలిసిందేగా, గాజ్ పెట్టిన గంటకే తడి.

రోజూ సెలైన్ డ్రెస్సింగ్, వారం వారం షేవింగ్, సిల్వర్ నైట్రేట్, ఒకసారి క్యూరెటాజ్ (లోపల గోకి శుభ్రం చేయడం) అయ్యాయి. పైన మూసుకుంటుంది, మళ్లీ చీము. ఎమ్మారైలో 2 సెం.మీ. గుంత ఉంది, మలద్వారానికి దారి లేదు. షుగర్ లేదు, సిగరెట్ మానేశాడు.

కరిడాకిస్ ఆపరేషన్‌లో కుట్టు మధ్యగీతకు పక్కగా వస్తుంది, కానీ మందంగా లేపాల్సిన ఫ్లాప్‌కి కుడివైపు పాత లింబర్గ్ మచ్చ అడ్డు. బాస్కమ్ క్లెఫ్ట్ లిఫ్ట్‌లో చర్మం మాత్రమే తీసి, కొవ్వు ఉంచి, గాడిని చదును చేస్తారు. నా మొగ్గు అటే. అయితే కింది చివరను మలద్వారం పక్కకు తిప్పేచోట టెన్షన్ పడుతుందేమోనని అనుమానం.

లింబర్గ్ తర్వాత కింది కొన దగ్గరే తిరగబెట్టిన కేసుల్లో, ఈ రెంటిలో ఏది చేస్తే ఆ కొన నిలబడింది?