రెండోసారి డెంగీ ముదిరేది ఇమ్యూనిటీ తగ్గడం వల్లేనా?

పెన్నాగట్టు (నెల్లూరు):
మా వీధిలో డెంగీ కేసులు మళ్లీ మొదలయ్యాయి. నాకు ఇంతకుముందు ఒకసారి వచ్చి తగ్గింది. రెండోసారి వస్తే ముదిరే అవకాశం ఎక్కువని డాక్టరుగారన్నారు. అమ్మవారు ఒకసారి పోస్తే మళ్లీ పోయదంటారే, డెంగీకి అలా ఎందుకు కాదు? ఇమ్యూనిటీ తగ్గిపోతుందా? పెంచుకోవడానికి ఇప్పట్నుంచే ఏమైనా వాడాలా?

కందుకూరు రైతుబిడ్డ:
తగ్గడం వల్లే. ఒకసారి డెంగీ వచ్చి పోతే ఒళ్లు గుల్లయిపోతుంది. మా తమ్ముడికి రెండోసారి వచ్చినప్పుడు కళ్లారా చూశాను. లక్షన్నర పైన ఉండాల్సిన ప్లేట్‌లెట్లు 20,000కి పడిపోయాయి. ముందునుంచీ బొప్పాయి ఆకు రసం, తిప్పతీగ వాడి ఉంటే అంత దూరం వచ్చేది కాదు.

ఒంగోలు ల్యాబ్:
అన్నా, అది తప్పు. డెంగీ వైరస్ నాలుగు రకాలు. ఒక రకం వచ్చి తగ్గితే ఆ రకం ఇక రాదు, అమ్మవారిలాగే. మిగతా మూడింటి నుంచి మాత్రం కొన్ని నెలలే రక్షణ. ఆ తర్వాత వేరే రకం సోకితే పాత యాంటీబాడీలు, అంటే మొదటిసారి వైరస్‌తో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకున్న ప్రోటీన్లు, దాన్ని పట్టుకుంటాయి గానీ చంపలేవు. యాంటీబాడీ అంటుకున్న దేన్నయినా మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు అనే కణాలు లోపలికి లాక్కుంటాయి, అరిగించేద్దామని. డెంగీ వైరస్ పెరిగేది సరిగ్గా ఆ కణాల్లోనే. దాంతో వైరస్ ఇంకా ఎక్కువ కణాల్లోకి చేరిపోతుంది. అప్పుడు శరీరం సైటోకైన్లనే రసాయన సంకేతాలను కుమ్మరిస్తుంది, వైరస్ వదిలే ఎన్‌ఎస్1 ప్రోటీన్ కూడా తోడవుతుంది, సన్నటి రక్తనాళాల గోడలు వదులై ప్లాస్మా (రక్తంలోని నీటి భాగం) బయటికి కారిపోతుంది. ఇందులో ఇమ్యూనిటీ తగ్గింది ఎక్కడ?

కావలి అమ్మాయి:
బొప్పాయి ఆకు రసం తాగొచ్చా, వద్దా? ముందు అది చెప్పండి.

కందుకూరు రైతుబిడ్డ:
కాపలా కుక్కే దొంగకి తలుపు తీస్తుందంటే నమ్మమంటావా? నువ్వన్నదే నిజమైతే రెండోసారి వచ్చినవాళ్లందరికీ ముదరాలి. రెండుసార్లు వచ్చి కూడా పొగాకు బ్యారన్ దగ్గర పనిచేసుకుంటున్నవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. వాళ్లు గట్టివాళ్లు, తట్టుకున్నారు. నీ థియరీ పక్కనపెట్టి ప్లేట్‌లెట్లు ఎందుకు పడిపోతాయో చెప్పు.

మార్కాపురం మాస్టారు:
ల్యాబ్ తమ్ముడు చెప్పింది ఉత్త థియరీ కాదు. క్యూబాలో 1977లో ఒకటో రకం వ్యాపించింది. 1981లో రెండో రకం వచ్చి 158 మంది చనిపోయారు. ప్రాణాల మీదికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది 1977లో ఒకసారి పడి లేచినవాళ్లే. ఫిలిప్పీన్స్‌లో 2016 నుంచి 8 లక్షల మందికి పైగా పిల్లలకు డెంగీ టీకా వేశారు. అంతకుముందు డెంగీ రాని పిల్లలకు ఆ టీకా తర్వాత డెంగీ వస్తే ముదిరే ముప్పు ఎక్కువని 2017 నవంబరులో కంపెనీయే ఒప్పుకుంది.

ఒంగోలు ల్యాబ్:
థాంక్స్ మాస్టారూ. అందరికీ ముదరదన్నది నిజమే అన్నా, చాలామందికి మామూలుగానే తగ్గిపోతుంది. నికరాగువా పిల్లల మీద 2017లో వచ్చిన అధ్యయనం చూడండి. యాంటీబాడీలు బాగా ఉన్న పిల్లలకు రక్షణ దొరికింది, అటూ ఇటూ కాకుండా నడిమధ్యన ఉన్నవాళ్లకే ముప్పు పెరిగింది. నెలల పిల్లలకు మొదటిసారే ముదరడానికీ కారణం తల్లి నుంచి వచ్చి తరిగిపోతున్న యాంటీబాడీలే. వాళ్లకి ఒళ్లు గుల్లయ్యేంత వయసెక్కడిది?

ప్లేట్‌లెట్లంటారా, ఎముక మజ్జలో తయారీ తగ్గుతుంది, ఉన్నవీ నాశనమవుతాయి. జబ్బు తగ్గుముఖం పట్టాక వాటంతటవే పెరుగుతాయి. సరిగ్గా ఆ రోజుల్లో ఆకు రసం తాగి, దానివల్లే పెరిగాయనుకుంటారు. 20,000కి పడిపోయినా రక్తస్రావం లేని పెద్దవాళ్లకు ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే ప్రయోజనం లేదని సింగపూర్, మలేషియా డాక్టర్లు 2017లోనే తేల్చారు. సీబీపీ (రక్తకణాల లెక్క) రిపోర్టులో చూడాల్సింది పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా. ప్లాస్మా కారిపోతే రక్తం చిక్కబడి అది పెరుగుతుంది. జ్వరం దిగాక ఒకటి రెండు రోజులే అసలు గండం. జ్వరం తగ్గిందని ఇంటికి తీసుకెళ్లి చేజేతులా పోగొట్టుకుంటున్నారు.

కందుకూరు రైతుబిడ్డ:
చేజేతులా అన్నావే, మా తమ్ముడు అలాగే పోయాడు. జ్వరం దిగింది, రెండిడ్లీలు తిన్నాడు, ఇక తీసుకెళ్లొచ్చని చెప్పింది హాస్పిటల్ వాళ్లే. మర్నాడు రాత్రి కడుపు పట్టుకుని మెలికలు తిరిగాడు, చేతులు చల్లబడిపోయాయి. ప్లేట్‌లెట్ ప్యాకెట్ల కోసం దాతల్ని వెతుక్కుంటూ ఊరంతా తిరిగాం, అప్పు చేశాం. పీసీవీ అన్న మాట ఒక్కరి నోటా వినలేదు. రోజూ ఆ రిపోర్టులు ప్రింటు తీసి చేతికిస్తావు గదా, నువ్వెవరికైనా చెప్పావా?

ఒంగోలు ల్యాబ్:
మీ తమ్ముడి సంగతి నాకు తెలియదన్నా. కానీ రిపోర్టు చదివి చెప్పే అధికారం టెక్నీషియన్‌కు లేదు. చెప్పాల్సింది డాక్టరు, అడగాల్సింది ఇంటివాళ్లు.

కందుకూరు రైతుబిడ్డ:
అడగాలంటే ముందు తెలియాలి. తెలిసినవాళ్లు అధికారం లేదంటారు, అధికారం ఉన్నవాళ్లకి తీరిక లేదంటారు. ఆకు రసం దగ్గరికి పోయామని మమ్మల్ని తిడతారు. కనీసం అదైనా మా చేతిలో ఉంది.

మార్కాపురం మాస్టారు:
ఈ విషయంలో నేను రైతుబిడ్డ వైపే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రం తగ్గడం, కాళ్లూచేతులు చల్లబడటం, వీటిలో ఏదొచ్చినా వెంటనే తీసుకురండని డిశ్చార్జి కాగితం మీద తెలుగులో రాసివ్వాలి. ఇంటివాళ్లు అడిగేదాకా ఆగే విషయం కాదిది.

కావలి అమ్మాయి:
మా పాపకి నిరుడు డెంగీ వచ్చింది. ఇప్పుడు మూడో రోజు జ్వరం. ఎన్‌ఎస్1 టెస్టు నెగెటివ్ వచ్చింది. ఇక డెంగీ కాదనుకోవచ్చా?

ఒంగోలు ల్యాబ్:
అనుకోవద్దమ్మా. రెండోసారి వచ్చినప్పుడు పాత యాంటీబాడీలు ఎన్‌ఎస్1ని కప్పేసి టెస్టులో కనబడనివ్వకపోవచ్చు. ఈరోజే డాక్టరుకు చూపించి, నిరుడు డెంగీ వచ్చిన సంగతి చెప్పండి. ఈరోజు సీబీపీ చేయించి, రేపు మళ్లీ చేయించి పీసీవీ పోల్చమనండి. ఐదో రోజు దాటాక ఐజీఎం (కొత్తగా పుట్టిన యాంటీబాడీల) టెస్టు కూడా చూస్తారు. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే, అదీ డాక్టరు చెప్పిన డోసు. ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ ఇవ్వొద్దు.

కందుకూరు రైతుబిడ్డ:
ల్యాబ్ తమ్ముడూ, నీతో నా వాదన అయిపోలేదు. అమ్మా, పాపకి జ్వరం దిగిన రోజు డిశ్చార్జి చేస్తామంటే పీసీవీ ఎంతుందో అడిగి, కాగితం మీద రాయించుకో. ఇంటికొచ్చాక రాత్రిపూట కడుపునొప్పంటే తెల్లారనీలే అనుకోవద్దు, 108కి ఫోన్ చెయ్యి.