1987 నాటి బేస్‌బాల్ కార్డుల పెట్టె: సీలు తీయాలా, అలాగే ఉంచాలా?

కొలంబస్ అమ్మ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేం ఒహాయోలోని కొలంబస్‌లో ఉంటాం. మా పక్కింటి పెద్దాయన ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతున్నారు. మేడ మీది గదిలో ఉన్న రెండు అట్టపెట్టెలు తెచ్చి మా పదేళ్ల అబ్బాయి చేతిలో పెట్టారు. ఆయన కుమారుడు చిన్నతనంలో కూడబెట్టిన బేస్‌బాల్ కార్డులట.

ఒకదానిలో ప్లాస్టిక్ జేబుల ఆల్బమ్‌లు ఉన్నాయి, 1984 నుంచి 1989 వరకు సంవత్సరాల వారీగా. రెండో దానిలో చెప్పుల డబ్బా నిండా విడి కార్డులు, వికారమైన బొమ్మలున్న ‘గార్బేజ్ పెయిల్ కిడ్స్’ కార్డులు కొన్ని, అడుగున అసలు తెరవని 1987 టాప్స్ (కార్డుల కంపెనీ) పెట్టె ఒకటి. అందులో 36 పొట్లాలు ఉన్నాయని పైన రాసి ఉంది. మావాడు అప్పటి నుంచి ఆ పెట్టె చుట్టూనే తిరుగుతున్నాడు. మావారు మాత్రం సీలు తీస్తే విలువ పోతుందని, ఇంకో పదేళ్లు దాస్తే కాలేజీ ఖర్చుకు పనికొస్తుందని అంటున్నారు. వాళ్ల ఆఫీసులో ఎవరో పాత కార్డు ఒకటి కోటి డాలర్లకు పైగా పలికిందని చెప్పారట.

నాకు క్రికెట్ తెలుసు, బేస్‌బాల్ అసలు తెలియదు. తెరవనివ్వవచ్చా? లోపల ఉండే చూయింగ్ గమ్ వల్ల పిల్లలకు ప్రమాదం ఏమైనా ఉంటుందా? తెలిసినవారు చెప్పగలరు.

కార్డుల బేరం

నమస్కారం అండీ. కోటి డాలర్ల మాట నిజమే. 1952 టాప్స్ కార్డులలో మికీ మాంటిల్ అనే ఆటగాడిది, 311వ నంబరు కార్డు, 2022లో 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది. దానికీ మీ పెట్టెకూ సంబంధం లేదు. తెరవని 1987 టాప్స్ పెట్టె ఈనాటికీ సాధారణంగా వంద డాలర్ల లోపే దొరుకుతుంది.

ఆల్బమ్‌లలో మాత్రం వీటి కోసం చూడండి (ఏడాది, కంపెనీ, ఆటగాడు, కార్డు నంబరు వరుసలో): 1984 డాన్‌రస్ డాన్ మాటింగ్లీ (248), 1985 టాప్స్ మార్క్ మెగ్వయర్ ఒలింపిక్ కార్డు (401), 1986 డాన్‌రస్ హోసే కాన్సెకో (39), 1987 ఫ్లీర్ బారీ బాండ్స్ (604), అన్నింటికంటే ముఖ్యంగా 1989 అప్పర్ డెక్ కెన్ గ్రిఫీ జూనియర్. ఆ కార్డు నంబరు 1. నాలుగు మూలలూ పదునుగా ఉండి, బొమ్మ చుట్టూ అంచు సమానంగా ఉంటేనే గ్రేడింగుకు, అంటే కార్డు స్థితిని పరీక్షించి మార్కు వేసేవారికి, పంపండి. లేకపోతే గ్రేడింగ్ రుసుమే కార్డు ధర కంటే ఎక్కువవుతుంది.

చెప్పుల డబ్బాలో పొరపాటున 1986 ఫ్లీర్ బాస్కెట్‌బాల్ కార్డులు కలిసి ఉంటే 57వ నంబరు మైకేల్ జోర్డాన్ కోసం చూడండి. దానికి నకళ్లు చాలా ఉన్నాయి. దొరికితే ఎవరికీ అమ్మకుండా ముందు నిపుణులకు చూపించండి.

ఎర్రటోపీ

కొలంబస్ అమ్మ గారికి, పెట్టె తెరవండి. బాబు చేతే తెరిపించండి. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ కార్డులతోనే పెరిగినవాణ్ణి.

మా నాన్నగారు డాక్టరు. నా చిన్నప్పుడే మా కుటుంబం సిన్సినాటి దగ్గరికి వచ్చింది. మా బడిలో తెలుగు మాట్లాడే పిల్లవాణ్ణి నేనొక్కణ్ణే. మధ్యాహ్నం డబ్బాలో పులిహోర ఎందుకు పసుపుగా ఉంటుందో చెప్పడానికి నాకు ఇంగ్లీషు చాలేది కాదు. కానీ జేబులో మా సిన్సినాటి జట్టు ఆటగాడు ఎరిక్ డేవిస్ కార్డు ఉంటే మాటలు పెద్దగా అవసరం పడేవి కావు. బస్సులో పక్కన కూర్చున్నవాడు తన కార్డుల కట్ట తీసేవాడు, నేను నాది తీసేవాణ్ణి. ఒకదాని తర్వాత ఒకటి చూపిస్తూ ‘ఉంది, ఉంది, లేదు’ అనుకుంటూ పోవడమే. ‘లేదు’ దగ్గర బేరం మొదలయ్యేది. నాకు అమెరికాలో మొదటి స్నేహితుడు అలాగే దొరికాడు.

1987 టాప్స్ పొట్లం 40 సెంట్లు. మైనపు కాగితం లోపల 17 కార్డులు, తెల్లటి పొడి చల్లిన గులాబీ రంగు గమ్ బద్ద ఒకటి. కార్డు చుట్టూ చెక్కను పోలిన గోధుమరంగు అంచు. 1962లో అదే కంపెనీ వేసిన కార్డులను గుర్తుకు తెచ్చేలా ఆ రూపం ఇచ్చారు. మా వయసువాళ్లకు ఆ చెక్క అంచు కనబడితే చాలు, మందుల దుకాణంలో గల్లా పక్కన పేర్చిన పెట్టె, మూలన పాక్‌మన్ యంత్రం చప్పుడు, ఎవరింట్లోనో రోజంతా నడుస్తున్న ఎంటీవీ, అన్నీ కలిసి వస్తాయి. ఆ రోజుల్లో టాప్స్ కంపెనీ చేతికి అందిన ప్రతిదాన్నీ కార్డు చేసేది. 1984లో మైకేల్ జాక్సన్ మీదే ఒక వరస వేసింది. మీ డబ్బాలో ఉన్న గార్బేజ్ పెయిల్ కిడ్స్ 1985లో వచ్చాయి. అప్పట్లో ఇళ్లన్నీ ఊపేసిన క్యాబేజ్ పాచ్ బొమ్మలను వెక్కిరిస్తూ వేసినవి. చాలా బడులు వాటిని నిషేధించాయి. బొమ్మల కంపెనీ దావా కూడా వేసింది. వాటిని బయట పడేయకండి, మొదటి వరసలవైతే మంచి ధర ఉంటుంది.

ఇక మీ పెట్టె ఎందుకు చవకో చెబుతాను. కార్డుల ధరల రహస్యమంతా దీనిలోనే ఉంది.

మాంటిల్ కార్డు కోట్లు పలకడానికి కారణం దాన్ని ఎవరూ దాచకపోవడం. యాభైలలో పిల్లలు కార్డులను గోడకు విసిరి ఆడుకున్నారు, సైకిల్ చువ్వలకు తగిలించి టపటప చప్పుడు చేయించారు. పెద్దవాళ్లయ్యాక తల్లులు ఇల్లు సర్దుతూ చెత్తలో వేశారు. అమ్ముడుపోని 1952 కార్డులను టాప్స్ కంపెనీయే 1960లో పడవలో తీసుకెళ్లి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించింది. అలా మిగిలినవి కొన్నే.

ఎనభైలలో అందుకు పూర్తిగా విరుద్ధం జరిగింది. 1980 వరకు ఈ వ్యాపారం దాదాపుగా టాప్స్‌దే. కోర్టు తీర్పుతో 1981లో ఫ్లీర్, డాన్‌రస్ కూడా దిగాయి. పైకోర్టు ఆ తీర్పును అదే ఏడాది కొట్టేసింది. అయినా అవి ఆగలేదు. గమ్‌తో కలిపి అమ్మడం ఒక్కటే టాప్స్ హక్కు కాబట్టి ఫ్లీర్ స్టిక్కర్లు పెట్టింది, డాన్‌రస్ చిత్రపటం ముక్కలు పెట్టింది. వాటిని కలిపితే ఒక పాత ఆటగాడి బొమ్మ వచ్చేది. 1984లో జేమ్స్ బెకెట్ అనే గణాంకశాస్త్ర ఆచార్యుడు ప్రతినెలా ధరల పుస్తకం తీసుకురావడం మొదలుపెట్టారు. అంతే, పిల్లల చేతుల్లోకి ధర వచ్చింది. పెద్దలు పెట్టెలకు పెట్టెలు కొని, సీలు తీయకుండా నేలమాళిగల్లో పేర్చారు. కంపెనీలు అడిగినన్ని అచ్చువేశాయి. దేశమంతా ఒకే వస్తువును ఒకే కారణంతో భద్రంగా దాచింది. మీవారు ఇప్పుడు చేయాలనుకుంటున్నది అప్పుడు లక్షలమంది తండ్రులు చేశారు. అందుకే ముప్పై ఏళ్లు గడిచినా ఆ పెట్టె ఇంత చవక.

నాకు ఆ చవకతనమే మహాభాగ్యంగా కనబడుతుంది. కోట్ల కార్డును పిల్లవాడు తాకలేడు. అద్దంలాంటి ప్లాస్టిక్ పలకలో బిగించి బ్యాంకు లాకరులో పెడతారు. ఈ 1987 కార్డులను మీ అబ్బాయి నేల మీద పరుచుకోవచ్చు, జట్ల వారీగా పేర్చుకోవచ్చు, మళ్లీ కలిపేసి నంబర్ల వారీగా పేర్చుకోవచ్చు. మొత్తం సెట్టు 792 కార్డులు. ఒక్క పెట్టెతో పూర్తికాదు, అదే సరదా. మిగిలినవాటి కోసం ఇంకొకరితో మాట్లాడాలి, మార్చుకోవాలి.

కార్డు వెనకవైపు చూడమనండి. ముందున్న బొమ్మకంటే నాకు అదే ఇష్టం. ఆటగాడు ఏ ఏడాది ఏ జట్టుకు ఆడాడు, ఎన్ని ఆటలు, ఎన్ని హిట్లు, ఎన్ని హోమ్‌రన్లు (మన సిక్సర్ల లాంటివి), సగటు ఎంత, అంతా వరుసగా ఉంటుంది. దశాంశాలు నాకు లెక్కల పుస్తకంలో అర్థం కాలేదు, బ్యాటింగ్ సగటులో అర్థమయ్యాయి. పదిసార్లలో మూడుసార్లు కొడితే .300, అంటే గొప్ప ఆటగాడు. ఏడుసార్లు విఫలమైనా గొప్పవాడే అవుతాడన్న సంగతి, ప్రతి పరీక్షలో నూటికి నూరు అడిగే ఇంట్లో పెరుగుతున్న నాకు, చాలా పెద్ద సంగతి. ఎరిక్ డేవిస్ 1987 కార్డు (412) వెనక 1986 వరస చూడండి. 27 హోమ్‌రన్లు, 80 స్టీల్స్ (బంతి కొట్టకుండానే పరిగెత్తి తర్వాతి బేస్ చేరడం). బంతిని అంత బలంగా కొట్టేవాడు అంత వేగంగా పరిగెత్తడం అరుదు. ఆ రెండు సంఖ్యలు పక్కపక్కన చూసి, బల్బు కింద పడుకుని అతని ఆట మొత్తం ఊహించుకునేవాణ్ణి.

సిన్సినాటి ఆటగాడు పీట్ రోజ్ కార్డు వెనక వరసలు 1963 నుంచి మొదలవుతాయి. అన్ని ఏళ్లు ఒక కార్డులో పట్టాలంటే అక్షరాలు చీమలంత చేయాల్సి వచ్చింది. 1985 సెప్టెంబరు 11న ఆయన 4,192వ హిట్ కొట్టి టై కాబ్ పేరిట ఉన్న అత్యధిక హిట్ల రికార్డు దాటిన రాత్రి మా ఊళ్లో ఎవరూ నిద్రపోలేదు. బేస్‌బాల్ అంటే పెదవి విరిచే నాన్నగారు కూడా రేడియో దగ్గర నిలబడ్డారు. మరుసటి ఏడాది టాప్స్ సెట్టులో మొదటి కార్డు ఆయనదే, ఆ వెనక ఆరు కార్డులు కూడా ఆయన పాత కార్డుల బొమ్మలతోనే వచ్చాయి. 1989 ఆగస్టులో జూదం వ్యవహారంలో ఆయనను ఆట నుంచి నిషేధించారు. మా వీధి పిల్లలు ఇద్దరు తమ కార్డులు చింపేశారు. నేను చింపలేదు. నాకు ఆ హిట్ల లెక్క నిజం, ఆ నిషేధమూ నిజం, రెండూ ఒకే మనిషివి.

మీరు అడిగిన గమ్ సంగతి: అది తినడానికి వీల్లేదు. అప్పుడే పలకలా ఉండేది, ఇప్పుడు నోట్లో పెట్టుకుంటే పొడిగా రాలిపోతుంది. బాబుకు ముందే చెప్పండి. గమ్ ఆనుకున్న కార్డుకు మరక పడి ఉంటుంది. అది మామూలే.

ఒక్క మాట. తెరిచేముందు పక్కింటి పెద్దాయన ద్వారా ఆ కుమారుణ్ణి అడిగించండి. నాన్న ఇచ్చేశారు సరే, ఆ కుమారుడికి తెలుసో లేదో.

గుంటూరు బబుల్‌గమ్

ఎర్రటోపీ గారు, బస్సులో ‘ఉంది, లేదు’ అన్న దగ్గర నేను ఆగిపోయాను. అదే 1987లో ఇక్కడ మేం ప్రపంచకప్ రోజుల్లో బిగ్ ఫన్ బబుల్‌గమ్ కొని క్రికెటర్ల కార్డులు పోగుచేసేవాళ్లం. వాటి మీద పరుగులు, వికెట్లు ఉండేవి. అవి కూడబెట్టి ఇస్తే క్రికెటర్ల చిన్న పుస్తకం ఇచ్చేవారు. అందుకని మా దగ్గర కార్డులు మిగల్లేదు, అన్నీ దుకాణానికి తిరిగి వెళ్లిపోయాయి. కొలంబస్ అమ్మ గారు, మీవాడు వాటితో ఆడుకుంటే ఆడుకోనివ్వండి.

కొలంబస్ అమ్మ

అందరికీ కృతజ్ఞతలు. ఎర్రటోపీ గారు చెప్పినట్టే పెద్దాయనతో ఫోను చేయించాను. ఆయన కుమారుడు ఇప్పుడు అరిజోనాలో ఉంటున్నారట. అన్నీ బాబుకే ఉంచమన్నారు. 1985 టాప్స్ ఎరిక్ డేవిస్ కార్డు దొరికితే అదొక్కటి మాత్రం పంపమన్నారు. ఆల్బమ్‌లో దొరికింది, 627వ నంబరు. పోస్టులో ఎలా పంపాలి?

పెట్టె నిన్న తెరిచాం. మావారే మొదటి పొట్లం విప్పారు. బాబు చెక్‌లిస్టు కార్డు (సెట్టులోని కార్డుల జాబితా) పట్టుకుని గళ్లలో టిక్కులు పెడతానంటున్నాడు, పెట్టనివ్వనా? విడి కార్డుల డబ్బాలో ఉన్న పాత చెక్‌లిస్టులలో నీలిరంగు పెన్నుతో టిక్కులు ఉన్నాయి. ఇంకో సందేహం: ఆల్బమ్ ప్లాస్టిక్ జిడ్డుగా ఉంది, ఘాటు వాసన వస్తోంది.

కార్డుల బేరం

ఆ జిడ్డు పీవీసీ నుంచి వస్తుంది. పాత ఆల్బమ్ జేబులు చాలావరకు దానితో చేసినవే. కార్డు ముఖానికి అంటుకుని మెరుపు పోగొడుతుంది. ఈ వారమే అన్నీ నెమ్మదిగా బయటికి తీసి, పాలీప్రొపిలీన్ అని రాసి ఉన్న తొమ్మిది జేబుల పేజీలలోకి మార్చండి. 1987 డాన్‌రస్ కార్డులు తీసేటప్పుడు మరీ జాగ్రత్త, వాటి అంచు నలుపు, కొంచెం ఒరుసుకున్నా తెల్లగా బయటపడుతుంది. గ్రెగ్ మాడక్స్ (36) అందులోనే ఉంటాడు.

పోస్టుకు: మొదట పల్చటి కవరు, దాని మీద గట్టి ప్లాస్టిక్ తొడుగు, రెండు వైపులా అట్టముక్కలు. టేపు తొడుగుకే వేయండి, కార్డుకు తగలకూడదు.

ఎర్రటోపీ

చెక్‌లిస్టులో టిక్కులు పెట్టనివ్వండి. అచ్చువేసిందే అందుకు. టిక్కులున్న చెక్‌లిస్టుకు ధర తగ్గుతుంది, నిజమే, కానీ 1987 చెక్‌లిస్టు శుభ్రంగా ఉన్నా ధర ఏమీ లేదు. అరిజోనా ఆయనకు ఆ డేవిస్ కార్డుతోపాటు నీలి టిక్కుల చెక్‌లిస్టు కూడా ఒకటి పంపగలిగితే పంపండి.

బాబుకు ఒక కబురు చెప్పండి. పెట్టెలో 648వ నంబరు బారీ లార్కిన్ వచ్చాడేమో చూడమనండి. సిన్సినాటిలోనే పుట్టి, అక్కడే హైస్కూలు చదివి, ఆ ఊరి జట్టుకే చివరిదాకా ఆడాడు. రెండు వస్తే ఒకటి నాకు కావాలి, నా సెట్టులోది మూల విరిగింది. బదులుగా బాండ్స్ 320, మెగ్వయర్ 366, బో జాక్సన్ 170 నా దగ్గర రెండేసి ఉన్నాయి. ఏది కావాలో అతన్నే ఎంచుకోమనండి, బేరం మాత్రం నాతో స్వయంగా ఆడాలి.